దొండకాయకు గడి లేదు

ఐరోపా ఖండాన్ని సైకిల్ మీద చుట్టి వచ్చినవాడు మా గోదావరి లంకల్లో నేనొక్కణ్ణే. ఎనిమిది దేశాలు. పొద్దున్న చద్దన్నం తిని బయల్దేరి, మధ్యాహ్నం భోజనం వేళకి మా ఇంటి అరుగు మీద కాళ్ళు కడుక్కున్నాను. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, విమానం మొహం చూడలేదు. ఇటలీలో చుట్ట ముట్టించాను. జర్మనీలో చక్రానికి గాలి కొట్టించాను. ఫ్రాన్స్‌లో మా మేనత్త కూతురింట్లో మజ్జిగ తాగాను. మజ్జిగ పులిసిపోయింది. దూరదేశంలో ఉన్న ఆడపిల్ల కదా అని ఆ మాట ఆవిడతో అనలేదు.

నేను చదివింది మా ఊరి బళ్ళో ఐదో తరగతి వరకే. కనుక భూగోళం విషయంలో అనుమానాలుంటే నన్నడక్కండి, పరాంకుశరావు గారినడగండి. ఐరోపాని తెచ్చి మా లంకల్లో దింపిన మహానుభావుడు ఆయనే.

పరాంకుశరావు గారు పళ్ళూ కూరగాయల శాఖలో పెద్ద అధికారి. ఆ శాఖ పూర్తి పేరు జీపుకి ఎడంపక్క మొదలై, వెనక తలుపు మీదుగా తిరిగి, కుడిపక్క ముగుస్తుంది. ఐరోపాలో సేద్యం ఎలా చేస్తారో చూసి రమ్మని ఆయన్ని పదకొండు రోజులు పంపించారు. వస్తూ వస్తూ ఆయన మూడు తెచ్చుకున్నారు. ఒక ఉన్నికోటు, ఒక దగ్గు, ఒక కాగితం. దగ్గు వారంలో తగ్గింది. కోటు వైశాఖంలో కూడా వదల్లేదు. కాగితం మమ్మల్ని పట్టుకుంది.

అది పెద్ద పట్టిక. ఏ దేశంలో ఏ పండు ఎంత పండింది, ఏ కూర ఎంత కాసింది అని నిలువుగా దేశాలు, అడ్డంగా పంటలు. సొసైటీ గోదాం అరుగు మీద మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, ఆ కాగితాన్ని గోడకి తగిలించి, పరాంకుశరావు గారు ఉపన్యసించారు.

“మిత్రులారా, ఉద్యాన ఉత్పాదకతలో ఐరోపా దేశాలు అగ్రస్థానంలో ఉన్నాయి. మనం లేము. దీనిపై లోతైన అధ్యయనం జరిగింది. అవి ఐరోపా దేశాలు కావడం, మనం కాకపోవడమే ప్రధాన కారణమని తేలింది. కావున ఈ లోపాన్ని తక్షణం సవరించాలని ఉన్నతస్థాయిలో నిర్ణయించడమైనది.”

సవరించడం ఎలాగంటే, మా మండలంలో కాలువ వెంబడి ఎనిమిది ఊళ్ళున్నాయి. పట్టికలో పైనుంచి మొదటి ఎనిమిది దేశాలు తీసుకున్నారు. కాలువ ఎగువ నుంచి దిగువకి ఒక్కో ఊరికి ఒక్కో దేశం చొప్పున పంచేశారు. అన్నిటికన్నా పైనున్న ఊరు స్పెయిన్ అయింది. మా ముంజిలంక పోలెండ్ అయింది. ఊరి మొగలో ఉన్న పాత బోర్డు పీకేసి ‘పోలెండ్ సమస్థాయి గ్రామం’ అని పచ్చరంగు బోర్డు పాతారు. పక్క ఊరికి ఇటలీ వచ్చిందని తెలిసి మావాళ్ళు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మనకేం తక్కువని పోలెండ్ ఇచ్చారు, ప్రెసిడెంటు గట్టిగా మాట్లాడి ఉంటే కనీసం జర్మనీ అయినా వచ్చేది కదా అని రేవులో పెద్ద రగడ జరిగింది. ఇటలీవాళ్ళు మా రేవుకి స్నానానికి రావడం మానేశారు.

పోలెండ్ అంటే ఆపిల్ అని పరాంకుశరావు గారు సెలవిచ్చారు. మనిషికి ఇరవై చొప్పున మొక్కలు పంచుతామన్నారు. నేను లేచి, బాబూ, ఆ చెట్టుకి చలి కావాలంటారు కదా, మా లంకలో పుష్యమాసంలో కూడా మధ్యాహ్నం చొక్కా విప్పుకుని తిరుగుతాం, ఎలాగండీ అని అడిగాను. ఆయన నా అజ్ఞానానికి జాలిపడి నవ్వారు.

“చలి రెండో విడతలో మంజూరవుతుంది.”

అన్న మాట నిలబెట్టుకున్నారు. శాఖలో ఏసుపాదం గారని ఒక గుమాస్తా ఉండేవాడు. పాతికేళ్ళ సర్వీసు, మెత్తటి మనిషి, మాట్లాడితే తనకే వినబడాలా వద్దా అన్నట్టు మాట్లాడతాడు. ఆయన ఒకరోజు వచ్చి, రొయ్యల చెరువులకి ఐసు ఎక్కణ్ణించి తెస్తారండీ అని వాకబు చేసి వెళ్ళాడు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే లారీ. ఒక్కో ఆపిల్ మొక్క మొదట్లో సగం దిమ్మ ఐసు పెట్టి పైన ఊక కప్పేవారు. ఆ వేసవి ముంజిలంకలో ఒక్కరికీ వడదెబ్బ తగల్లేదు. ఊరంతా చాపలు పట్టుకెళ్ళి ఆపిల్ తోటలోనే పడుకున్నాం. గేదెలు కూడా కాలువ వదిలేసి ఐసు పక్కనే నెమరువేసేవి. పాలు చల్లగా వస్తున్నాయని పాలకేంద్రం అతను కంగారుపడ్డాడు. చలికి తట్టుకోలేకపోయింది మొక్కలొక్కటే. మూడువందల అరవై మొక్కలు నెలలో ఎండిపోయాయి. ఏసుపాదం గారు రిజిస్టర్లో ‘చలి సరఫరా సంతృప్తికరం’ అని రాసుకున్నాడు. మొక్క బతికిందా అన్న ప్రశ్న ఆ రిజిస్టర్లో లేదు.

ఇంతవరకు మాకు సరదాగానే ఉంది. వీరవేణికి నోటీసు వచ్చాక సరదా పోయింది.

వీరవేణి మా వీధి చివర ఉంటుంది. వరసకి నాకు కూతురవుతుంది. మనిషి చూస్తే ఎముకల గూడు, నోరు మాత్రం పుష్టిగా ఉంటుంది. మొగుడు సూరన్న కొబ్బరిచెట్టు మీంచి పడ్డాక బరువు ఎత్తలేడు, కూర్చుని బుట్టలల్లుతాడు. వాళ్ళకున్నది అర ఎకరం దొండపందిరి. నాలుగేళ్ళ కిందట పుట్టింటి నుంచి దొండతీగ ముక్కలు తడిగోనెలో చుట్టుకుని తెచ్చి నాటింది. సరుగుడు గుంజలు తనే పాతింది, తీగలు తనే లాగింది. నాలుగు రోజులకోసారి కోత. ఇంట్లో నాలుగు నోళ్ళూ ఆ పందిరికే వేలాడుతున్నాయి.

నోటీసు నా చేత చదివించింది. నాకింకా కంఠతా వచ్చు.

‘మీ సాగులో గల దొండ అను సస్యము ఐరోపా ఉత్పత్తి పట్టికలోని ఏ గడియందును కానరానందున, దానిని గడిబాహ్య సస్యముగా పరిగణించడమైనది. పదిహేను దినములలో పందిరితో సహా స్వచ్ఛందముగా తొలగించవలెను. స్వచ్ఛందముగా తొలగించని యెడల, మీ స్వచ్ఛందమును శాఖయే అమలుపరచును.’

“గడంటే ఏటండీ బాబాయ్‌గారూ?” అంది.

కాగితం మీద నాలుగు గీతలు గీస్తే మధ్యలో మిగిలేది గడి అని చెప్పాను. పట్టికలో టమాటాకుంది, క్యాబేజీకుంది, క్యారెట్‌కుంది, దొండకి లేదు. పొట్ల, బీర, కందలకి కూడా లేదుగానీ అవి ఏడాదికోసారి తీసేసే పంటలు, తీసేశాం అనేస్తే సరిపోతుంది. దొండపందిరి రోడ్డు మీదికే కనబడుతుంది.

“అంగుళం గడి లేదని అర ఎకరం పందిరి పీకేత్తారాండీ?” అంది వీరవేణి. ఏడవలేదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, సైకిలు తియ్యమంది.

పరాంకుశరావు గారు ఆ రోజు గ్రీసులో మకాం ఉన్నారు. శాంపిలుకి ఒక బుట్టెడు దొండకాయలు, దారిలో మా మేనత్త కూతురికిద్దామని రెండు వంకాయలు తీసుకుని బయల్దేరాం. ఇక్కడో మాట ఒప్పుకోవాలి. ఐరోపాని సైకిల్ మీద చుట్టొచ్చానన్నాను గానీ తొక్కానని అనలేదు. తొక్కింది వీరవేణి. నేను వెనక క్యారియర్ మీద బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎనిమిది దేశాలన్నది కూడా రవ్వంత ఎక్కువే. మూడు దేశాలు కాలువకి అవతలి గట్టున ఉన్నాయి, నాకు పడవంటే భయం. అయిదు అనుకోండి. అందులో ఒకటి మా ఊరే. జర్మనీలో గాలి కొట్టించిన మాట మాత్రం నిజం. రోడ్డు బాగోలేక గాలి దిగిందని నేనంటాను, నా బరువుకి దిగిందని వీరవేణి అంటుంది.

దేశానికీ దేశానికీ మధ్య వెదురుబొంగు అడ్డం పెట్టి, పక్కన కాటా పెట్టుకుని ఒక మనిషి కూర్చున్నాడు. ఒక దేశంలో కాసిన కూర ఇంకో దేశంలోకి వెళ్తే రెండు చోట్లా లెక్కకొస్తుందని, పత్రం లేకుండా కరివేపాకు రెబ్బ కూడా దాటనివ్వడం లేదు. ఇటలీ సరిహద్దులో మా రెండు వంకాయలూ పట్టుకున్నారు. వంకాయకి గడి ఉంది. దొండకాయల బుట్ట వంక చూసి ఆ మనిషి పట్టిక ఈ అంచు నుంచి ఆ అంచుకి రెండుసార్లు వెతికాడు. ఎక్కడా లేదు. లేని సరుకుని ఆపే అధికారం తనకి లేదన్నాడు. అయిదు దేశాల్లోనూ అదే తంతు. బుట్టెడు దొండకాయలు ఖండం పొడుగునా ఏ ఆటంకమూ లేకుండా ప్రయాణం చేశాయి. వీరవేణి సైకిలు ఆపి వెనక్కి తిరిగింది.

“చూశారా బాబాయ్‌గారూ, కాయల్ని కళ్ళెదురుగా పెట్టుకుని లేవంటన్నారు. రేపు నన్నూ అలాగే అంటారు.”

గ్రీసు ఎలిమెంటరీ స్కూల్లో పరాంకుశరావు గారు కోటుతో, చెమటతో కూర్చున్నారు. దొండకాయని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకెత్తి చూశారు. ఇదేమిటని అడిగారు. దొండకాయండి అన్నాం. అలాంటి ఏర్పాటేదీ లేదన్నారు. వీరవేణి చేతులు జోడించి తన సంగతంతా చెప్పుకుంది. ఆయన దయగల మనిషే, ఓపిగ్గా విన్నారు. విని, దయకి గడి ఎక్కడుందా అని పట్టికలో వెతికారు.

“దృశ్యపరంగా ఇది కీరాదోసకు సన్నిహితంగా ఉన్నది. కీరాకు గడి కలదు. అయితే కీరాకు కనీస పొడవు ఒక జానెడు. అభ్యర్థి వారం రోజుల్లో ఆ పొడవును సాధించగలిగితే, వర్గీకరణను సానుకూలంగా పరిశీలించగలము.”

అభ్యర్థి అంటే ఎవరండీ అని అడిగాను. దొండకాయ అన్నారు.

తిరుగుప్రయాణంలో వేలెడు కాయని జానెడు చెయ్యడం ఎలాగా అని ఆలోచిస్తూ ఆ దుఃఖంలోనే ఫ్రాన్స్‌లో పులిసిన మజ్జిగ తాగి బయల్దేరాం. ఇటలీ దాటి మా పొలిమేరలో అడుగుపెట్టగానే నాకు తట్టింది. ఆలోచన ఎవరిదని అడగబోతారు. నాదే.

మా లంకలో మనిషి పుట్టాక నడక తర్వాత నేర్చుకునేది పొట్లకాయకి రాయి కట్టడం. పొట్లకాయని దాని మానాన వదిలేస్తే పాములా మెలితిరిగిపోతుంది. అందుకని పిందె దశలోనే కొసకి అరటినారతో చిన్న రాయి వేలాడదీస్తాం. ఆ బరువుకి కాయ తిన్నగా, నిటారుగా, బారెడు సాగుతుంది. తరతరాలుగా చేస్తున్న పని. తిన్నగా సాగే స్వభావం పొట్లకాయకే ఉందని మేమెప్పుడూ అనుకోలేదు. అదంతా రాయి మహిమ అనుకున్నాం. కాబట్టి దొండకాయకి కూడా రాయి కడితే సరి.

కాలువగట్టు మీద రోడ్డు కోసం పోసిన కంకర ఉంది. వీధి వీధంతా పందిరి కింద చేరింది. సూరన్న అరటినార పురి పెట్టి ఇస్తుంటే, ఆడా మగా కాయకో రాయి కట్టాం. మొదటిరోజు చిన్న రాళ్ళు. రెండోరోజు కొలిచి చూస్తే కాయలు పెరగలేదు, అందుకని పెద్ద రాళ్ళు. మూడోరోజు కట్టినవాళ్ళు కట్టినట్టే లేచి వెళ్ళిపోయారు. ఎందుకంటే పందిరి మూలిగింది. మూలగడం అంటే మనిషి మూలిగినట్టే. నాలుగోరోజు పొద్దుటికి తూర్పువైపు గుంజలు రెండు పక్కకి ఒరిగాయి. తీగలు మోకాలి ఎత్తుకి దిగాయి. కాయలు రాయితో సహా టపటపా రాలుతున్నాయి. జానెడు మాట దేవుడెరుగు, గోరంత కూడా ఏదీ సాగలేదు.

వీరవేణి పందిరి కింద కూర్చుని నా వంక చూసింది.

“పీకడానికి ఆళ్ళు పదిహేను రోజులు గడువిచ్చారండీ. మీరు నాలుగు రోజుల్లో కానిచ్చేత్తన్నారు.”

వెదుర్లు తెచ్చి గుంజలకి ఊతం పెట్టాం. ఇక రాళ్ళు విప్పేద్దామని కత్తి తీస్తున్నాం, రోడ్డు మీద జీపు ఆగింది. వారం గడువు చెప్పిన పరాంకుశరావు గారు మూడు రోజులు ముందే వచ్చేశారు.

ఆయన పందిరిలోకి వంగి నడిచి వచ్చారు. మొదటి రాయి నుదుటికి తగిలింది. రెండోది చెవికి తగిలింది. ఆగి, చుట్టూ చూశారు. అర ఎకరం నిండా, గాలికి మెల్లగా ఊగుతూ, వేల రాళ్ళు. ఏమిటిదని ఆయన అడుగుతారు, ఏం చెప్పాలా అని నేను వెతుక్కుంటున్నాను. ఆయన అడగలేదు. అధికారికి తెలియనిది ఉందని ఒప్పుకోవడం ఆ శాఖలో లేదు.

“గురుత్వ సాగు,” అన్నారు. “దీని గురించి విదేశంలో విన్నట్టే ఉన్నది. ఇంత మారుమూల ఇంత పురోగామి పద్ధతి ఉన్నట్లు ఏ నివేదికలోనూ లేదే.”

వెంటనే తూకం వెయ్యమన్నారు. కాయని తీగకి ఉన్నది ఉన్నట్టుగా తూచాలని నిబంధన. ఏసుపాదం గారు పది కాయలు రాళ్ళతో సహా తూచి, పందిరిలో కాయలెన్నో లెక్కగట్టి, ఎకరానికి హెచ్చవేశాడు. ముంజిలంక దిగుబడి పోలెండ్‌ని దాటింది. ఇటలీని దాటింది. స్పెయిన్‌ని దాటి, పట్టిక పైఅంచు కూడా దాటి, గోడ మీదికి వెళ్ళాల్సి వచ్చింది. పరాంకుశరావు గారు ఉద్వేగం ఆపుకోలేక కోటు విప్పారు. విప్పగా చూడటం మాకదే మొదలు.

అక్కడికక్కడే ఉత్తర్వు రాయించారు. వీరవేణి పందిరి ఆదర్శ క్షేత్రం. అందులో ఒక్క రాయిగానీ, ఒక్క కాయగానీ ఎవ్వరూ ముట్టరాదు. మిగిలిన ఏడు దేశాలూ ఇదే పద్ధతి అనుసరించాలి. శాఖ తరఫున ప్రామాణిక శిలలు సరఫరా అవుతాయి, నున్నగా, నంబరు వేసి. పదిరోజుల్లో ఇటలీలో వంకాయలకి రాళ్ళు వేలాడాయి. స్పెయిన్‌లో టమాటా మొక్కలు నేలకి సాష్టాంగపడ్డాయి. ఫ్రాన్స్‌లో ఒకాయన కందదుంపకి ఎక్కడ కట్టాలో తోచక, దుంప ఉన్న చోట నేల మీద రాయి పెట్టి ఊరుకున్నాడు. దాన్ని ‘భూగర్భ గురుత్వం’ అని రాసుకుని ఆయనకి శాలువా కప్పారు.

వీరవేణికి మాత్రం నోట్లో మట్టి పడింది. నాలుగు రోజులకోసారి కోసే కాయ కొయ్యకూడదు. రాలినవి రాలగా మిగిలినవి ముదిరి, పండి, ఎర్రబడ్డాయి. చిలకలొచ్చి వాలాయి. వాటికి ఉత్తర్వు అందలేదు. కాయ కొయ్యకపోతే తీగకి కొత్త పూత సరిగా రాదు. ఆకు పసుపు తిరుగుతోంది. తవుడులో కలిపి గేదెకి పెడదామన్నా, రాలిన కాయ ముట్టుకోడానికి లేదు, అదీ ఆదర్శ క్షేత్రంలోదే. సూరన్న అల్లిన బుట్టలు ఖాళీగా గోడవారగా పేరుకుంటున్నాయి.

అప్పుడొచ్చాడు ఏసుపాదం గారు. రెండు కాగితాలు తెచ్చాడు. ఒకటి సన్మానపత్రం, ఆదర్శ క్షేత్ర రైతు వీరవేణికి సోమవారం పొద్దున్న పది గంటలకి. రెండోది పాత నోటీసుని గుర్తుచేసే నోటీసు. దొండ ఇంకా జానెడు పొడవు సాధించలేదు గనక గడిబాహ్యంగానే ఉంది, గడువు ముగిసింది, పందిరి తొలగింపు సోమవారం మధ్యాహ్నం మూడు గంటలకి. రెంటి కిందా ఒకటే సంతకం.

ఇదెలాగండీ, ఒకటి చేస్తే రెండోది చెయ్యడానికుండదు కదా అన్నాను.

“ఎందుకుండదండీ,” అన్నాడు ఏసుపాదం గారు నేలచూపులు చూస్తూ. “మధ్యలో భోజనానికి టైముంది కదండీ. ఆ భోజనం ఎక్కడన్నదే ఇంకా రాయలేదండి.”

“మా ఇంట్లో,” అంది వీరవేణి.

సోమవారం పందిరి ముందు సన్నాయి వాయించారు. పరాంకుశరావు గారు వీరవేణి మెడలో దండ వేయించి, ఆమె కష్టానికి ఐరోపా తలవంచిందని మాట్లాడారు. దండ మెడలో ఉండగానే, పందిరి పీకే కూలీలు గునపాలతో వచ్చి రోడ్డు పక్కన కూర్చున్నారు. మూడు గంటల దాకా వాళ్ళకి పని లేదు గనక సన్మానానికి వాళ్ళూ చప్పట్లు కొట్టారు.

భోజనానికి పీట వేసింది. పప్పు, చారు, గోంగూర పచ్చడి, పెరుగు. వాటి మధ్య ఒక వేపుడు. ఆకుల చాటున చిలకలకి కనబడని లేతకాయలు ఎన్ని దొరికాయో అన్నీ కోసింది. ఉత్తర్వు ఉల్లంఘన. సన్నగా నిలువుగా చీల్చి, సన్నసెగ మీద మూత పెట్టకుండా వేపి, దింపేముందు కొబ్బరి, వెల్లుల్లి కారం చల్లింది. పరాంకుశరావు గారు మొదట పప్పులోకి నంజుకున్నారు. తర్వాత పప్పు పక్కన పెట్టి ఉత్త వేపుడే కలుపుకున్నారు. రెండోసారి వేయించుకున్నారు. మూడోసారి తలెత్తి, “ఇదేమిటమ్మా?” అని అడిగారు.

వీరవేణి గరిటె పట్టుకుని నిలబడింది.

“ఇది లేదండి,” అంది.

ఆయన అర్థం కానట్టు చూశారు.

“ఏ గడిలోనూ లేదండి. మీ కంచంలోనే ఉంది. నాలుగేళ్ళ నుంచి మా పిల్లల కంచాల్లో కూడా ఉంది. మూడింటికి మీ మనుషులు దీన్నే పీకడానికొచ్చి రోడ్డు మీద కూకున్నారు. ఇంకో గరిటెడు ఎయ్యమంటారా అయ్యగారండీ, తీసెయ్యమంటారా?”

సూరన్న విసనకర్ర ఆపేశాడు. పరాంకుశరావు గారి చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. కళ్ళు చెమర్చాయి. ఆయన మెల్లగా లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, ఆ పట్టిక ఉన్న రిజిస్టర్ తెమ్మన్నారు. ఏసుపాదం గారు తెచ్చి ముందు పెట్టాడు. పుచ్చకాయ గడి తర్వాత, అంచున మిగిలిన ఖాళీలో, పరాంకుశరావు గారు తన సొంత చేత్తో ఒక గీత గీశారు. పైన ‘దొండ’ అని రాశారు. కింద సంతకం పెట్టారు. గడి వచ్చాక గడిబాహ్యం అనేది ఉండదు. గడిబాహ్యం కాకపోతే తొలగింపు ఉండదు. దొండగా లెక్కకొచ్చిన కాయకి కీరా కొలతలుండవు, కొలతలు లేకపోతే రాళ్ళు అక్కర్లేదు. కూలీలు గునపాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. జీపు వెళ్ళాక, ముట్టరాదన్న ఉత్తర్వు పక్కన పెట్టి, పొద్దు వాలకముందే వీధంతా కలిసి రాళ్ళు కోసేశాం. బరువు తీరి, పందిరి జానెడు పైకి లేచింది. జానెడు సాధించింది మొత్తానికి అదొక్కటే. వీరవేణి ముదురాకు దూసి, తీగ కత్తిరించి, నీరు పెట్టింది. మూడు వారాలకి తెల్లపూత వచ్చింది.

నేను కథలు చెబుతానని మా వీధిలో పేరుంది. ఇందులో ఎంత నిజం, ఎంత కోత అని మీరు అనుకుంటూనే ఉంటారు. దాపరికం దేనికి, ఒక్క ముక్క నేను కల్పించాను. ఐసు దిమ్మలు కాదు, అవి పెట్టారు. రాళ్ళు కాదు, కట్టాం. పొద్దున్న సన్మానం, మధ్యాహ్నం పీకడం కూడా నేనల్లింది కాదు, ఆ రెండు కాగితాలూ వీరవేణి పెట్టెలో ఉన్నాయి.

పరాంకుశరావు గారి కళ్ళు చెమర్చడం ఒక్కటే కల్పన.

ఆయన కదిలిపోలేదు. వీరవేణి అన్నదంతా విని, రుచి బాగున్నదమ్మా, విధానం విధానమే అన్నారు. పెరుగు వేయించుకుని, తిని, చెయ్యి కడుక్కోడానికి పెరట్లోకి వెళ్ళారు. రిజిస్టర్ అరుగు మీద ఉంది. పక్కన ఏసుపాదం గారు, ఆయన పక్కన నేను. ఏసుపాదం గారు నా వంక చూశాడు. జేబులోంచి రూళ్ళకర్ర తీసి రిజిస్టర్ మీద పెట్టి, మీ కొబ్బరిచెట్టుకి ఎన్ని గెలలున్నాయో చూసొస్తానండీ అని లేచి వెళ్ళిపోయాడు. పాతికేళ్ళ సర్వీసులో ఆయన చేసిన తిరుగుబాటు అదే. గీత నేను గీశాను. పేరు నేను రాశాను. ఐదో తరగతి దస్తూరీ, ‘దొండ’లో డ కాస్త పెద్దదైంది. పరాంకుశరావు గారు తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ వచ్చి, ఏసుపాదం గారు వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టేశారు. సంతకం పెట్టేటప్పుడు ఆయన చూసుకునేది సంతకాన్నే.

ఏడాది చివర నివేదిక అచ్చయి వచ్చింది. దొండకాయ ఉత్పత్తిలో ఐరోపా మొత్తానికీ పోలెండ్‌ది మొదటి స్థానం. రెండో స్థానం ఖాళీగా ఉంది.